గంగులు వేసిన ఊళ్ళు

సాలూరులో లారీ కట్టించుకున్న ప్రతివాడికీ ఒకప్పుడు గంగులు తెలుసు. రోడ్డు పొడుగునా బాడీ కట్టే షెడ్లున్న ఊరది. వడ్రంగి పని అయిపోయి, ఇనప పని అయిపోయి, ప్రైమరు ఆరిన తరవాత అందరికన్నా ఆఖరున బండి దగ్గరికొచ్చేవాడు గంగులు. చేతిలో మూడు కుంచెలు, భుజం మీద అసలు రంగేదో పోల్చుకోలేని తువ్వాలు. ఆయన వచ్చాడంటే ఇంక రెండు రోజుల్లో బండి రోడ్డెక్కుతుందన్నమాట.

పాచిపెంట దగ్గర పల్లెలో చోళ్ళూ నువ్వులూ పండించుకునే ఇంట్లో పుట్టాడు. అన్నదమ్ములు పొలం చూసుకున్నారు. గంగులుకి మాత్రం చిన్నప్పటి నుంచీ గోడ కనిపిస్తే బొగ్గుతో గీయడమే పని. సాలూరు వచ్చి రాముడు మేస్త్రి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు, ఆవూ దూడా నేర్చుకున్నాడు, తామరపువ్వు, నెమళ్ళు నేర్చుకున్నాడు. లారీకి కావలసింది అంతే. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి మేస్త్రి కంటే గంగులు నెమలే బావుంటుందని ఓనర్లు అడిగి మరీ వేయించుకునేవాళ్ళు.

ఊళ్ళు వెయ్యడం మొదలైంది మాత్రం కళింగపట్నం డ్రైవరు అప్పలస్వామి వల్ల. బండి వెనక తలుపు మీద ఏం బొమ్మ వెయ్యమంటావని అడిగితే అప్పలస్వామి విసుక్కున్నాడు.

"ఏదో ఒకటి ఎయ్యి గంగులన్నా. ఏదేస్తే నాకేటి? నెలకి ఇరవై రోజులు రాయిపూర్లోనో నాగపూర్లోనో పడుంటాను. ఆ ఆవుని సూసి నానేటి సెయ్యాలి?"

"మరేటి సూడాలని ఉన్నాది నీకు?"

"మా ఊరు."

"మీ ఊళ్ళో ఏటున్నాది?"

"ఏటుంటాది? సముద్రవున్నాది, దీపస్తంభవున్నాది. ఇసకలో ఎండేసిన సేపలున్నాయి."

గంగులు అప్పటికి సముద్రం ఎప్పుడూ చూడలేదు. అప్పలస్వామిని బండి పక్కన రాయి మీద కూచోబెట్టి ఒక పూటంతా అడిగాడు. దీపస్తంభం పడవల రేవుకి ఏ పక్కన? నీళ్ళు పొద్దున ఏ రంగు, సాయంత్రం ఏ రంగు? వంశధార వచ్చి కలిసేచోట గీత కనబడుతుందా? వలలు ఆరేసేది కర్రల మీదా, నేల మీదా? మర్నాడు సాయంత్రానికి తలుపు మీద కళింగపట్నం తేలింది. అప్పలస్వామి తలుపు ముందు గొంతుక్కూచుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఆఖరికి, "ఎండు సేపల కంపొక్కటే తక్కువన్నా" అన్నాడు.

ఆ మాట డ్రైవర్లలో పాకింది. బొండపల్లి వాడు వచ్చి తమ ఊరి కొండ వెయ్యమన్నాడు. మక్కువ వాడు సువర్ణముఖి ఇసక, పాలకొండ వాడు తమ వీధి మొగలో వేపచెట్టు కింద బడ్డీకొట్టు. ఒకాయన ఇంకేమీ వద్దని తమ చెరుకు పొలం గట్టు, గట్టు మీద నడిచే అమ్మా వెయ్యమన్నాడు. గంగులు పార్వతీపురం, విజయనగరం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ ఊళ్ళన్నీ డ్రైవర్ల నోట విన్నవే. కాని విజయనగరం నుంచి బరంపురం దాకా ఏ పల్లెలో కొండ ఏ పక్కనుందో సాలూరులో కూచుని చెప్పగలిగేవాడు.

వచ్చిన ఇబ్బందల్లా ఒకటే. బొమ్మ వేసినవాడి దగ్గర బొమ్మ ఉండదు. లారీ వెళ్ళిపోతుంది. నాలుగేళ్ళకి బండి చేతులు మారుతుంది, కొత్త ఓనరు బొమ్మ మీద వేరే రంగు కొట్టిస్తాడు. ఆ పైన కొన్నేళ్ళకి తుక్కుకి పోతుంది. తాను వేసిన ఊళ్ళు ఏ రోడ్డు మీదున్నాయో, అసలున్నాయో లేదో గంగులుకి తెలిసే దారి లేదు. అందుకు ఆయన పెద్దగా బాధపడేవాడూ కాదు, ఇంకొకటి వేసుకునేవాడు.

ఆ లోటు కూతురు యమున తీర్చింది. రెండువేల పదిహేనులో ఇంటర్ చదువుతూ పట్టుబట్టి తండ్రి చేత కెమెరా ఫోను కొనిపించింది. ఆయన పేరు మీద ఒక ఖాతా తెరిచింది. ఫొటో తియ్యగానే అది తనంతట తానే ఆ ఖాతాలోకి వెళ్ళిపోయేట్టు పెట్టింది.

"ఎక్కడికెల్తాదే?" అని అడిగాడు గంగులు.

"పైకెక్కిపోతాయి నాన్నా. కంపెనీ వాళ్ళ కంప్యూటర్లలో దాచిపెడతారు. రేపు ఈ ఫోను పోయినా ఫొటోలు పోవు."

అప్పటి నుంచి అదో అలవాటైపోయింది. బండి షెడ్డులోంచి బయటికి తీసే పొద్దున, ఎండ వెనక తలుపు మీద పడే వేళ చూసుకుని, గంగులు తువ్వాలుతో దుమ్ము తుడిచి, పది అడుగులు వెనక్కి నడిచి ఒక్క ఫొటో తీసేవాడు. ఒక్కటే. మరమ్మతుకి వచ్చిన పాత లారీల మీద తన బొమ్మలు కనిపిస్తే వాటినీ తీసేవాడు. ఆరేళ్ళలో ఐదు వందల పైచిలుకయ్యాయి. మధ్యాన్నం టీ దగ్గర డ్రైవర్లు ఆ ఫోను చేతులు మార్చుకుంటూ చూసేవాళ్ళు. ఎవడి ఊరు వాడికి దొరికేదాకా వేలితో తోసుకుంటూ పోయేవాళ్ళు. ఇంటికొచ్చాక భార్య కుమారికి చూపించి, "ఇది మెంటాడ. ఇక్కడ సెరువు మీద పొగమంచు సూడు" అనేవాడు. ఆవిడ అన్నం వారుస్తూనే తొంగి చూసి, "ఆ, బావుంది, కాళ్ళు కడుక్కో" అనేది.

రెండువేల ఇరవయ్యొకటి వేసవిలో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ఆ ఫోను ఆయన జేబులోంచి జారి రంగులో కలిపే థిన్నరు డబ్బాలో పడింది. తీసేసరికే తెర తెల్లబడిపోయింది. అందులో సిమ్ము ఎప్పుడో సంతలో గొడుగు కింద కూచుని ఊరికే పంచిపెట్టినది. ఎవరి పేరు మీద ఇచ్చారో గంగులుకి తెలియదు. డూప్లికేటు అడిగితే షాపువాడు కుదరదన్నాడు. కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకుంటే దానికి షాపువాడే కొత్త ఖాతా తెరిచిచ్చాడు. పాత ఖాతా పాస్వర్డు యమున తన ఫిజిక్సు నోట్సు ఆఖరి పేజీలో రాసుకుంది. ఆ నోట్సు ఎప్పుడో పాత కాగితాల వాడికి వెళ్ళిపోయింది.

"ఎలగే మరి?" అన్నాడు గంగులు.

"అవెక్కడికీ పోవు నాన్నా. పైన ఉంటాయి. తీరిక చూసి తెరుస్తాను" అంది యమున.

ఆ తీరిక రాలేదు. యమున నర్సింగు పూర్తిచేసి విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. డ్యూటీలు ఒకదాని మీదొకటి పడేవి. సెలవు దొరికి సాలూరు వస్తే సగం రోజు నిద్రే. గంగులు ఏడాదికొకసారి గుర్తుచేసేవాడు. ఆమె, "ఈసారి చూద్దాం" అనేది. ఆయనా గట్టిగా అడగలేదు. ఉన్నాయనుకున్న వస్తువు కోసం ఎవరు తొందరపడతారు? పైగా ఆ రోజుల్లోనే షెడ్లకి స్టిక్కర్లు వచ్చాయి. కంప్యూటర్లో నెమలిని గీసి, మిషన్లో కోసి, గంటలో అతికించేసేవాళ్ళు. గంగులు దగ్గరికి అక్షరాల పని మాత్రం వచ్చేది, అదీ అప్పుడప్పుడు.

నిరుడు చలికాలంలో మురళీమోహన్ అనే లెక్చరరు విజయనగరం నుంచి స్కూటరు మీద వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో తుక్కు కొట్టు ముందు నుంచి పోతూ లారీ తలుపొకటి చూశాడట. దాని మీద పల్లె, వరి కుప్పలు, దూరంగా కొండ. మూల చిన్న అక్షరాల్లో 'గంగులు, సాలూరు' అని ఉందట. మర్నాడు ఫొటో తీసుకుందామని వెళ్ళేసరికి దాన్ని కోసి కొలిమికి పంపేశారు.

"అలాంటివి ఇంకా ఉంటే చెప్పండి గంగులు గారూ. మా కాలేజీలో ఒక ప్రదర్శన పెడదాం. మీ బొమ్మలన్నీ వరసగా, ఊరి పేరుతో సహా. తరవాత పుస్తకం కూడా వేద్దాం" అన్నాడు మురళీమోహన్.

గంగులు నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా రోజులైందని కుమారి తరవాత చెప్పింది.

"ఒకటేటి బాబూ, ఐదొందలున్నాయి. అన్నీ పైన భద్రంగా ఉన్నాయి. మా గుంట యమున వచ్చి తెరుస్తాది."

ఆ వారమంతా ఆయన షెడ్లో కనిపించినవాడికల్లా చెప్పాడు. ఆదివారం యమున బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూచుని ఉన్నాడు. ఆమె టిఫిను కూడా తినకుండా ఫోను తీసింది. ఖాతా పేరు గుర్తుంది. పాస్వర్డు దగ్గర తోచినవన్నీ కొట్టింది. కాలేదు. ఆఖరికి ఖాతాకి కలిపిన పాత ఫోను నంబరుకి ఆరంకెల ఓటీపీ పంపుతామని తెర మీద వచ్చింది.

ఆ నంబరు గంగులుకి నోటికొచ్చు. తన పాత నంబరుకి తానే ఫోను చేశాడు. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఎవులు?"

"అమ్మా, ఈ నెంబరు ఒకప్పుడు నాదమ్మా."

"నీదేటి? నాను పలాసలో కొనుక్కున్నాను. రెండేళ్ళయింది."

"కాదనడం నేదమ్మా. ఇప్పుడు నీ ఫోనుకి ఆరంకెలొస్తాయి. అవి సెప్తే సాలు."

"ఓలమ్మ! ఓటీపీ సెప్పమంటన్నావా? టీవీలో రోజూ సెప్తన్నారు నీలాంటోల గురించి. పోలీసులకి సెప్తాను, ఒగ్గీ ఫోను!"

పెట్టేసింది. యమున చేసింది. తాను నర్సునని, ఇది డబ్బు వ్యవహారం కాదని చెప్పబోయింది. అప్పుడూ పెట్టేసింది. మూడోసారి కుమారి ఫోను లాక్కుంది.

"అప్పా, నాకు అక్కలాంటిదానివి, ఫోను కొయ్యకు. రెండు మాటలిను. మా ఆయన లారీల మీద బొమ్మలేస్తాడు. ఊళ్ళ బొమ్మలు. ఆ ఫొటోలన్నీ పాత ఫోనులో ఉండిపోయాయి. ఆరంకెలు సెప్తే తెరుసుకుంటాదట. నీ పేరేటప్పా?"

"జగ్గమ్మ."

"ఏటి పని సేస్తన్నావు?"

"జీడిపప్పు ఫ్యాక్టరీలో. పిక్కలు కొడతన్నాను." కాస్త ఆగి అడిగింది. "మీ ఆయన మా ఊరు ఏసేడేటి? మాది మందస దగ్గర."

గంగులు వినిపించుకుని ముందుకి వంగాడు. "మందస ఏసానమ్మా. రెండు సార్లేసాను. ఎనకాల మహేంద్రగిరి, కింద జీడితోటలు. తోటలో ఆడోళ్ళు పిక్కలేరుతన్నారు."

అవతల మిషన్ల చప్పుడు మధ్య ఆమె పక్కామెకి మందస సంగతి చెప్పడం వినిపించింది. తరవాత, "పంపమనండి" అంది జగ్గమ్మ.

అంకెలు వచ్చాయి. ఆమె ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. నాలుగు, సున్నా, ఏడు, ఏడు... ఆఖరి అంకె ఒకటో ఏడో తేల్చుకోలేక పక్కామెకి చూపించి మళ్ళీ చెప్పింది. "ఆ మందస బొమ్మ దొరికితే నాకూ పంపన్నా" అని అడిగింది.

"తప్పకుండా పంపుతానమ్మా" అన్నాడు గంగులు.

యమున అంకెలు కొట్టింది. తెర మధ్యలో ఒక గుండ్రటి గీత తిరిగింది, ఆగింది. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. గంగులు ఆమె ముఖం వంకే చూస్తున్నాడు.

"ఏటంటాది?"

"ఈ ఖాతా చాలా కాలంగా వాడుకలో లేదు కాబట్టి తొలగించామంటోంది నాన్నా. మళ్ళీ తెరవడం కుదరదట."

"తొలగించడవంటే? మరో సోటికి మార్సేరా?"

"కాదు. చెరిపేశారు."

"ఎవులు?"

"ఎవరూ కాదు నాన్నా. రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే దానంతటదే చెరిగిపోతుందట. కంపెనీ రూలు."

గంగులు ఆ మాటని తన పనిలోకి తెచ్చుకుని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆయనకి చెరపడమంటే తెలుసు. ఎన్ని లారీల మీద పాత రంగు మీద కొత్త రంగు వెయ్యలేదు?

"అయితే కింద పొర ఉంటాది కదే? జాగర్తగా గీకితే వస్తాది. మన లారీలకి రాదేటి?"

"కింద పొర ఉండదు నాన్నా" అంది యమున. అనేసి ఏడ్చింది.

ఆ మధ్యాన్నం ముగ్గురూ అన్నాల ముందు కూచున్నారు గాని ఎవరూ తిన్నట్టు లేదు. గంగులుకి కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియలేదు. సాయంత్రం బస్సెక్కబోతున్న కూతుర్ని అడిగాడు.

"ఆళ్ళ ఆపీసు ఏ ఊళ్ళో ఉన్నాదే? నానెల్తాను. గుమ్మం ముందు కూకుంటాను. ఎవడో ఒకడు బయటికి రాడా?"

సాలూరులో ఆయనకి తెలిసిన ఆఫీసులన్నిటికీ గుమ్మం ఉంది. రవాణా ఆఫీసుకి వెళ్ళి రెండు రోజులు కూచుంటే మూడో రోజు ఎవరో ఒకరు పిలిచి అడుగుతారు. ఇక్కడ గుమ్మం లేదు. ఫోను నంబరు కూడా లేదు. తెర మీద ఒక పెట్టెలో రాసి పంపితే సమాధానం వస్తుందని మాత్రం ఉంది. యమున హాస్టల్లో కూచుని ఇంగ్లీషులో పెద్ద ఉత్తరం రాసింది. తన తండ్రి ఎవరో, ఆ ఫొటోలు ఏమిటో, ఆయన ఖాతా ఎందుకు తెరవలేకపోయాడో, అన్నీ రాసింది. నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది. మీ నిరాశను మేం అర్థం చేసుకున్నాం, తొలగించిన ఖాతాలను తిరిగి ఇవ్వలేం అని. ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ నిమిషానికి అవే మాటలు, అదే వరసలో.

ఆమె ఫోనులో చదివి వినిపిస్తే గంగులు, "అంత పెద్దుత్తరం నిమిషంలో సదివీసేరా?" అన్నాడు ఆశ్చర్యంగా.

అసలు దెబ్బ తరవాతి వారం తగిలింది. ఆ ఖాతా తెరిచినప్పుడు యమున తన మెయిలు కూడా దానికి కలిపిపెట్టింది. ఆ సంగతి ఆమెకి గుర్తులేదు. ఆ మెయిలు ఉద్యోగం పనులకే వాడేది. అందులో చదవనివి వేలకి వేలున్నాయి, అన్నీ బట్టల డిస్కౌంట్లూ, కోచింగు సెంటర్లూ. కంపెనీ ముందే ఏమైనా చెప్పిందేమోనని అనుమానమొచ్చి వెనక్కి తోసుకుంటూ వెళ్ళింది. మూడు ఉత్తరాలు దొరికాయి. మీ తండ్రి ఖాతా అని లేదు, ఖాతా పేరు మాత్రం ఉంది. ఫలానా తేదీలోగా ఒక్కసారి తెరవండి చాలు, లేకపోతే అందులో ఉన్నవన్నీ తొలగిస్తాం అని మొదటిది. ఇంకా నెల ఉందని రెండోది. వారం ఉందని మూడోది. ఆ వారం ఆమె ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీలో ఉంది. ఒకరోజు అదే మెయిలు తెరిచి జీతం చీటీ కూడా దింపుకుంది. ఆ ఉత్తరం దానికి నాలుగు వరసల కింద ఉంది.

దాచవచ్చు. ఎవరికీ తెలియదు. కాని యమున తండ్రి పెంపకం. ఆదివారం వచ్చి, అరుగు మీద ఆయన పక్కన కూచుని, ఫోను చూపించి చెప్పింది.

గంగులు ఫోను చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టుకుని చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయన చక్కగా రాస్తాడు. జీవితమంతా లారీల మీద రాశాడు. చదవడం మాత్రం రాదు.

"ఇక్కడేటి రాసేడు? ఈ లావుపాటి అక్షరాలు?"

"మీ భద్రత కోసం అని నాన్నా. వాడని ఖాతాలు దొంగలు వాడుకోకుండా, ఖాతాదారుల భద్రత కోసం తొలగిస్తామని."

"నా భద్రత కోసవా?" అన్నాడు గంగులు.

"నాదే తప్పు నాన్నా. తిట్టు."

ఆయన తిట్టలేదు. తిడితే ఆమెకి తేలికగా ఉండేదేమో. ఆమె తల మీద చెయ్యి వేశాడు గాని, ఆ చెయ్యి ఎక్కువసేపు ఉంచలేకపోయాడు. లేచి పెరట్లోకి వెళ్ళి, ఎండిపోయిన కుంచెలన్నీ తీసి కిరసనాయిల్లో నానబెట్టాడు. యమున అక్కడే కూచుండిపోయింది. కుమారి మొగుడి దగ్గరికి వెళ్ళాలో కూతురి దగ్గరికి వెళ్ళాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ తరవాత ఆయన చెయ్యగలిగినవన్నీ చేశాడు. లారీ ఓనర్ల సంఘం ఆఫీసుకి వెళ్ళి పాత ఫొటోలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నవి దండలు వేసుకున్న అధ్యక్షులవి. తెలిసిన డ్రైవర్లకి ఫోన్లు చేశాడు. కళింగపట్నం అప్పలస్వామి ఇప్పుడు లారీ మానేసి ఊళ్ళోనే చిన్న కొట్టు పెట్టుకున్నాడు.

"ఆ బండి అమ్మీసారన్నా, ఒడిసా ఎల్లిపోయింది. ఫొటో తీసుకోవాలని నాకెప్పుడూ తోచనేదు. రోజూ కళ్ళ ముందే ఉన్నాది కదా, ఎందుకు తీస్తాం?" అన్నాడు. మిగిలినవాళ్ళు చెప్పిందీ దాదాపు అదే. ఫోన్లు మారాయి, బళ్ళు మారాయి.

ఈ మధ్యలో ఒకరోజు పలాస నుంచి జగ్గమ్మే ఫోను చేసింది.

"దొరికిందేటన్నా మా ఊరు? మా అమ్మకి సూపిస్తానని సెప్పేసాను. మంచం మీదున్నాది."

గంగులు ఫోను పట్టుకుని అరుగు మీదికొచ్చాడు. జరిగింది చెబితే ఆమెకి అర్థమవుతుందో లేదో అనుకున్నాడు. "నేదమ్మా. పోయాయి, అన్నీ పోయాయి" అన్నాడు.

"నాను అంకెలు తప్పు సెప్పేనేటి?"

"నువ్వు సరిగ్గానే సెప్పేవమ్మా. నీది తప్పు కాదు."

ఎంత చెప్పినా ఆమెకి అనుమానం పోలేదు. ఆఖరి అంకె మరోసారి చెప్పనా అని అడిగింది.

మురళీమోహన్ మంచివాడు. విషయం విని తలపట్టుకున్నాడు గాని వదల్లేదు. పోనీ గుర్తున్నవి మళ్ళీ వెయ్యమని ప్లైవుడ్ పలకలు నాలుగు పంపాడు. గంగులు పెరట్లో వాటిని గోడకి ఆనించి పదిహేను రోజులు కూచున్నాడు. కళింగపట్నం మొదలుపెట్టాడు. దీపస్తంభం వచ్చింది, రేవు వచ్చింది. వెనకాల కొండొకటి వేసేశాడు. వేసి, దూరం నడిచి చూసి, ఆ కొండ బొండపల్లిదని గుర్తొచ్చి గుడ్డతో తుడిచేశాడు. మెంటాడ వేద్దామంటే చెరువు గుర్తొచ్చింది గాని గట్టు ఏ పక్కనో గుర్తురాలేదు. అప్పట్లో బొమ్మ వేసేటప్పుడు ఆ ఊరివాడు పక్కన రాయి మీద కూచుని చెబుతూ ఉండేవాడు. "అలక్కాదు మావా, తాటిచెట్లు రెండే" అనేవాడు. ఆ గొంతు లేకుండా ఆయన చేతికి ఊరు రాలేదు. వచ్చినా అది ఏ ఊరూ కాదు. పదహారో రోజు పలకలు నాలుగూ ఆటోలో వేసి తిరిగి పంపించేశాడు.

ఫిబ్రవరిలో ప్రదర్శన జరిగింది. విజయనగరం కాలేజీ హాల్లో పాత రేకు పెట్టెల మీద బొమ్మలు, జట్కా బండ్ల పలకలు, సినిమా బ్యానర్లు, ఇంకా ఏవేవో పెట్టారు. లారీలకని ఒక గోడ వదిలారు. యమున సెలవు పెట్టి బస్టాండుకి వచ్చి అమ్మానాన్నల్ని ఆటోలో తీసుకెళ్ళింది. మురళీమోహన్ ఎదురొచ్చి, గంగులు చెయ్యి పట్టుకుని ఆ గోడ దగ్గరికి నడిపించాడు. ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవర్నో అడిగి మూడు ఫొటోలు సంపాదించాడు. పెద్దవి చేయించి, అద్దాలు కట్టించి, ఒక్కోదాని కింద అచ్చు అక్షరాలతో 'గంగులు, లారీ చిత్రకారుడు, సాలూరు' అని అట్ట పెట్టించాడు.

గంగులు మొదటిదాని ముందు నిలబడ్డాడు. టోల్ గేటు దగ్గర ఎవరో తీసిన ఫొటో. తలుపు సగం దాకా బురద. బురద పైన పాలకొండ బడ్డీకొట్టు వేపచెట్టు కొమ్మలు కనబడుతున్నాయి. ఆయన అద్దం దాకా వేలు తీసుకెళ్ళి ఆపేశాడు. తరవాత రెండోది చూశాడు, మూడోది చూశాడు. మళ్ళీ రెండోదాని దగ్గరికొచ్చాడు.

"ఏటయ్యింది?" అంది కుమారి మెల్లిగా.

"ఈ రెండూ నావి కావే."

యమున గబగబా అటూ ఇటూ చూసి తండ్రి దగ్గరికి జరిగింది. "ఊరుకో నాన్నా. ఆయన ఎంత కష్టపడి తెచ్చారో. ఎవరికి తెలుస్తుంది? నువ్వు వేసినవి పోయాయి గదా, వీటి మీద నీ పేరన్నా ఉండనీ."

గంగులు మూడో బొమ్మ దగ్గరికి నడిచి మళ్ళీ చూశాడు. హాల్లో జనం వస్తూ పోతూ ఉన్నారు. ఒక పిల్ల ఆ రెండో బొమ్మకి ఫోనుతో ఫొటో తీసుకుంది. కాసేపటికి మురళీమోహన్ టీ పట్టుకుని వచ్చాడు. గంగులు టీ అందుకోలేదు.

"బాబూ, ఈ బురద బండి నాది. ఆ రెండూ నావి కావు. ఆకులు సూడండి, నానలా ముద్దగా ఎయ్యను. ఇవి ఎవులివో నాకు తెల్దు. ఆ మనిషికి తెలిస్తే ఏటనుకుంటాడు?"

మురళీమోహన్ దగ్గరికెళ్ళి ఆ రెండు బొమ్మల్లో ఆకులు చూశాడు. కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, రెండు అట్టలూ తీసి జేబులో పెట్టుకున్నాడు. "నన్ను క్షమించండి గంగులు గారూ. అడగాల్సింది" అన్నాడు.

"మీరేటి సేస్తారు బాబూ. ఉన్నవి సూపిద్దావంటే నా దగ్గర నేవు."

గోడ మీద పేరున్న బొమ్మ ఒక్కటే మిగిలింది. గంగులు దాని పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. కాలేజీ పిల్లలు వచ్చి, అట్ట మీద పేరు చదివి, "మీరేనా తాతా?" అని పలకరిస్తున్నారు. ఒక అమ్మాయి నోట్‌బుక్కు తెరిచి పట్టుకుని, తన పేరు దీపిక అని చెప్పి, ఇలాంటివి ఎన్ని వేశారని అడిగింది.

"సానా ఏసానమ్మా" అన్నాడు గంగులు.

"ఏ ఏ ఊళ్ళు?"

ఆయన మొదలుపెట్టాడు. పాలకొండ, కళింగపట్నం, మక్కువ, మెంటాడ, మందస అని చెప్పుకుంటూ పోయాడు. దీపిక రాసుకుంటూ, పద్ధతి గల పిల్ల కాబట్టి ప్రతి ఊరి పేరు పక్కనా ఫొటో నంబరు వెయ్యడానికి చోటు వదిలి, "వాటి ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగింది. ఆయన యమున వైపు చూశాడు. యమున కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.